ఓటీపీ వేటకెళ్లింది

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ పరిచారు; 2020 ఆగస్టు 10న ప్రధాని దాన్ని ప్రారంభించారు. ఖర్చు దాదాపు 1,224 కోట్లు. ఇంటర్నెట్ గ్రేట్ నికోబార్ దాకా పరుగు తీసింది. 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు కూడా శ్రీవిజయపురమైంది. ఇక మారకుండా మిగిలింది సిమ్ కార్డు మీది పేరే. చొక్కా జేబులోంచి చీరకొంగు దాకా ఫోన్‌ను చేర్చే పనికి ఏ శాఖా టెండరు పిలవలేదు మరి.

ఆ ఊళ్లోని జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన మాటే వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసవెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలవి. మగవాళ్లు వేటకు, ఆడవాళ్లు అమ్మకానికి. ఈ పంపకాన్ని డిజిటల్ ఇండియా ఎంతగానో గౌరవించి, ఫోన్‌ను కూడా వేటకే పంపించింది.

హైదరాబాద్‌కు సముద్రం లేకపోయినా సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. ఉపగ్రహాలు పంపిన సముద్రపు వేడి, నీటి రంగు చూసి, చేపలు ఎక్కడ గుంపుకట్టే వీలుందో లెక్కగట్టి అండమాన్, నికోబార్ తీరాలకూ కబురు పెడుతుంది. మంచి పనే, బోలెడంత డీజిల్ ఆదా. కాకపోతే చేప ఒడ్డెక్కగానే ఆకాశం మొహం తిప్పేసుకుంటుంది. ఇవాళ హోటళ్లవాళ్లు ఎంతకు కొంటున్నారు, ఐసు కరిగేలోగా ఎంతకు తెగనమ్మాలి అన్న లెక్క గంప ముందు కూర్చున్నామెదే. అంత పైనుంచి చేపల జాడ తెలుస్తుంది గానీ, చేపలమ్మే మనిషి కనబడదు.

అరకిలో వంజరం కొని స్కాన్ కొట్టారనుకోండి. డబ్బులందాయని పక్కనున్న పెట్టె గట్టిగా చెబుతుంది. అదీ ఆడగొంతే. లావాదేవీ మొత్తంలో ఆడవాళ్లకు దక్కే వాటా దాదాపుగా ఆ గొంతే.

"డబ్బులు పడ్డాయా అమ్మా?"

"పెట్టె అరిసింది కద బాబూ, పడే ఉంటాయి. మా గుంటడి సెల్లులో."

"అతనెక్కడ?"

"సముద్రం మీద."

సరే, బ్యాంకుకే వెళ్దామంటే, ఖాతా ఈమెదే గానీ దానికి జతచేసిన నంబరు కొడుకుది. ఓటీపీ ఆయుష్షు కొన్ని నిమిషాలు. పడవ తిరిగొచ్చేది రేపో ఎల్లుండో. సిగ్నల్ అందని చోట పుట్టకుండానే గడువు తీరిన ఓటీపీలు ఎన్నున్నాయో ఏ ఉపగ్రహమూ లెక్కగట్టలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు నూటికి 57 మంది, ఆడవాళ్లు 33 మంది. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లయితే 21 మందే. హైటెక్ కబుర్లు కనిపెట్టిన జాతి కదా, వినయం ఎక్కువ.

మందు ఉండనే ఉంది: అవగాహన సదస్సు. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి ఫ్లెక్సీలకు కరువుండదు. పొద్దున్నే, అంటే సరిగ్గా పడవలొచ్చి బేరం జోరుగా సాగే వేళ, ఆడవాళ్లను హాల్లో కూర్చోబెడతారు. తెర మీద యాప్ ఎలా తెరవాలో చూపిస్తారు. చేతిలో ఫోన్ లేనివాళ్లు గాల్లో వేలు ఆడించి నేర్చుకోవచ్చు. సమోసా, టీ, గ్రూపు ఫొటో.

ఆనక అభిప్రాయం చెప్పమంటూ రికార్డుల్లోని నంబరుకు లింకు వెళ్తుంది. రెండు రోజులకు పడవ ఒడ్డుకొచ్చి, సిగ్నల్ అందుకుంటుంది. కొడుకు వల దులుపుకుంటూ లింకు నొక్కి, అయిదు నక్షత్రాలిచ్చి, కింద గళ్లో రాస్తాడు: "శిక్షణ నాకు చాలా ఉపయోగపడింది మేడమ్."