కుండీల ఆసామి

అరసెంటు మన్ను లేకుండా పూల సేద్యం చేసే గృహస్థు కుండీల ఆసామి. కర్నూలు కొత్త కాలనీల్లో వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వయసు నలభై దాటి ఉంటుంది. ఇంటి ముందు జాగాకంతా సిమెంటు వేయించి, అది ఆరీ ఆరకముందే పచ్చదనం మీద మక్కువ పెంచుకుంటాడు. 1953లో ఊరు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయిన రోజుల్లో ఉద్యోగుల కోసం వెలిసిన ఏ, బి, సి క్యాంపుల పాత క్వార్టర్లలో ఈ రకం మనుషులు అరుదు. అక్కడ పెరడుంది, పెరట్లో తాతలనాటి మందారముంది, కొనాల్సిన అగత్యం లేదు.

ఆసామిని గుర్తుపట్టడం సులభం. పూసి ఉన్న మొక్క తప్ప ఇంకోటి కొనడు. మొగ్గ మీదున్నది చూపిస్తే "పూసినాక తీసుకురాప్పా" అంటాడు. డబ్బిచ్చేది ఆ నాలుగు పూలకే. కొమ్మా, వేరూ అతని దృష్టిలో కొసరు కింద లెక్క.

కొనే తావుల్లో మొదటిది ట్రాలీ బండి. తొలకరి పడగానే దాదాపు 500 కిలోమీటర్ల అవతలి కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల్లో వచ్చిన మొక్కలు ట్రాలీ ఆటోలెక్కి వీధుల్లో తిరుగుతాయి. మైకు గొంతు వినపడగానే ఆసామి లుంగీ సర్దుకుని బయటికొస్తాడు.

"ఏమప్పా, ఇది మా ఎండకు బతుకుతాదా?"

"ఆయ్, బతక్కపోవడమేంటండీ! మీరలా పెట్టి నీళ్లు పోసేయండి, అదే పూసేత్తాదండి."

బండివాడు అబద్ధమాడలేదు. కడియంలో అది నిజంగా అంతే. గోదావరి ఒండ్రు, పక్కనే కాలువ, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన. కర్నూలుకు దక్కే వాన అందులో సుమారు మూడింట రెండొంతులు, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఈ తేడాలేవీ బేరంలోకి రావు. మూడొందలు చెప్పిన మొక్క నూటయాభైకి తెగుతుంది, మీద ఒక నూరువరహాల మొక్క ఉచితం. ఇద్దరూ నష్టపోయినట్టు ముఖాలు పెట్టి సంతోషంగా విడిపోతారు.

రెండో తావు ఊరి బయట రోడ్ల పక్క నర్సరీలు. అక్కడ నీడవల ఉంటుంది, మొక్కలు దాని కింద చల్లగా ఉంటాయి, ఆసామి కూడా కాసేపు చల్లబడతాడు. ఆ వల ఎందుకు కట్టారో మాత్రం అడగడు. మూడోది బెంగళూరు. గణతంత్ర దినానికీ, స్వాతంత్ర్య దినానికీ లాల్‌బాగ్‌లో జరిగే పూల ప్రదర్శన చూడబోయి, వస్తూ గులాబీ అంటును బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెస్తాడు. పక్క సీటాయనకు దారి పొడవునా ముళ్లు.

నాలుగోది సెల్‌ఫోను. అందులో నీలి గులాబీ విత్తనాలు దొరుకుతాయి. పూలకు నీలిరంగునిచ్చే డెల్ఫినిడిన్ అనే పదార్థం గులాబీలో సహజంగా ఉండదు. జపానులో సన్‌టోరీ సంస్థ 2004లో జన్యుమార్పిడితో సాధించి చూపిన నీలి గులాబీ కూడా కంటికి లేత ఊదాయే. ఆసామి పొట్లం తెప్పిస్తాడు, నాటుతాడు, తోటకూర లాంటిదేదో మొలుస్తుంది. దాన్ని రెండు నెలలు గౌరవంగా పెంచుతాడు.

ఇక సేద్యం సంగతి. కుండీలంటే ఎక్కువ భాగం ఖాళీ పెయింటు డబ్బాలు. అడుగున బెజ్జాలు పెట్టడం ఆసామి వచ్చే ఆదివారానికి వాయిదా వేసిన పని. లోపల నల్లరేగడి నింపుతాడు. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే మన్ను అది. దాని మధ్యలో కడియం నుంచి వచ్చిన జిగటమట్టి ముద్ద. ఒకసారి ఎండిందంటే ఆ ముద్దలోకి నీరు దిగదు, పోసిందంతా చుట్టూ జారి కిందికి పోతుంది. పైన తడి, కింద తడి, వేరు మాత్రం పొడి. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండకు మిద్దె కాలి, డబ్బా కాలి, మిగిలిన వేరు ఉడుకుతుంది. కుళాయి వచ్చిన రోజు వరదలా పోస్తాడు, రాని రోజు బోరులోని ఉప్పునీళ్లు పోస్తాడు. చివరికి మొక్క పోతే "దిష్టి తగిలింది" అంటాడు.

ఒక్కో మొక్క దగ్గర అతను చేసే పొరపాటు వేరు. గులాబీ అంటుకు కిందినుంచి వచ్చే చిగురు అడుగు మొక్కది, పెంచుకునే రకానిది కాదు. అదే బలంగా లేస్తుంది కాబట్టి ఆసామి దాన్నే ముద్దు చేస్తాడు. పైది ఎండిపోయాక, రోజా జాతి మారిందని వీధికి ప్రకటిస్తాడు. చామంతి రాత్రులు పొడుగైతే గానీ మొగ్గ తొడగదు. అతనేమో నలుగురికీ కనబడాలని వరండా ట్యూబులైటు కింద పెడతాడు, మొక్క రాత్రయిందని నమ్మదు. మల్లెకు చలికాలం నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరిస్తేనే ఎండాకాలం విరగబూస్తుంది. ఇంత కష్టపడి పెరిగినదాన్ని కొయ్యడానికి ఆసామికి చెయ్యి రాదు. అతని మల్లె మిద్దె మీదికి పాకి, ఆకులతో కళకళలాడుతూ ఉంటుంది.

కాగితం పూలది వేరే కథ. దానికి నీళ్లు తక్కువైతేనే రంగు. హైదరాబాదు, బెంగళూరు హైవే నడుమ ఎవరూ పట్టించుకోకుండా గన్నేరు, కాగితం పూలు విరగబూస్తుంటే, రోజూ రెండు చెంబులు తాగే ఆసామి మొక్క పచ్చగా బలిసి ఊరుకుంటుంది. ఈ నేలకు తగిన పూలు ఆ రెండూ, బిళ్లగన్నేరూ. గన్నేరూ, బిళ్లగన్నేరూ అయితే అతను కొననే కొనడు. రోడ్డు మీద ఊరికే దొరికేదానికి విలువేముంది?

ఇన్ని కుండీలున్నా పూజకు పూలు కొనక తప్పదు. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల బుట్టల ముందు కూర్చునే పూలమ్మలే అతని ఇంటి దేవుళ్లకు దిక్కు. వాళ్లు తూకంతో కొని మూరతో అమ్ముతారు. మొక్కకు నూటయాభై సంతోషంగా ఇచ్చిన పెద్దమనిషి ఇక్కడ మాత్రం న్యాయశాస్త్రం తీస్తాడు.

"ఏం పెద్దమ్మా, నీ మూర రోజురోజుకూ అరుగుతాందే?"

"దేవుడు నాకిచ్చిన చెయ్యి ఇంతే నాయనా. పొడుగు చెయ్యి కావాలంటే మా మనవడు సాయంత్రం వస్తాడు, ఆగు."

శ్రావణ శుక్రవారం ధర ఒక్కసారిగా లేస్తుంది. ఆ రోజు ఆసామి సొంత తోటను తలుచుకుని మిద్దె ఎక్కి, రెండు బిళ్లగన్నేరు పూలతో దిగుతాడు. అవి కూడా నాటినవి కావు, ఎక్కడినుంచో వచ్చి పడ్డ గింజకు లేచినవి.

ఆ మిద్దె మీద నాటినవాటిలో నిజంగా పూసేది ఒక్కటుంది, ఢిల్లీ కనకాంబరం. అది విత్తనం కట్టదు, కొమ్మ నాటాల్సిందే. అందుకే బండి మీద కంటే గోడల మీదుగానే ఎక్కువ ఊరు తిరుగుతుంది. ఇల్లాలు పక్కింటామెను "అక్కా, ఒక కొమ్మ ఇయ్యి" అని అడిగి, పగిలిన బకెట్లో గుచ్చి, బియ్యం కడిగిన నీళ్లు పోసింది. వారానికి రెండుసార్లు మరువంతో కలిపి కట్టుకునేన్ని పూలొస్తాయి. బంధువులకు తోట చూపించేటప్పుడు ఆసామి ఆ బకెట్టును లెక్కలోకి తీసుకోడు, డబ్బు పెట్టి కొన్నది కాదు గనక. కొత్త మొక్కకు జాగా కావలసి వచ్చినప్పుడు ముందుగా పక్కకు జరిగేది కూడా అదే.