ఒక్క స్తంభం, ఎన్ని ఊళ్లు!

ఏమోయ్ అబ్బాయ్, చెవుల్లో ఆ బొడిపెలు తీసి కాస్త ఇటు విను. పాట మధ్యలో ఆగితే చాలు, "నెట్ లేదు తాతయ్యా" అని మొహం వేలాడేస్తావు. మా రోజుల్లో నెట్టూ లేదు, గిట్టూ లేదు. విజయవాడ రేడియో కేంద్రం ఉండేది, 1948 డిసెంబరు 1 నుంచీ.

దానిది మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు 8,37,000 సార్లు ఊగే తరంగమన్నమాట. స్టూడియోలో గొంతు లేస్తే ఆ తరంగం ఎత్తు పెరుగుతుంది, దిగితే తగ్గుతుంది. అలా మాటని మోసుకొచ్చే తరంగానికి బలం పెంచి స్తంభంలోకి ఎక్కిస్తారు. స్తంభం కొసన ఏరియల్ ఉంటుందనుకునేవు, స్తంభమే ఏరియల్! అంత ఇనుమూ పింగాణీ దిమ్మ మీద నిలబడుతుంది, కరెంటు నేలలోకి దిగిపోకుండా. చుట్టూ భూమిలో బండిచక్రం ఆకుల్లా రాగితీగలు పరుస్తారు.

మా నాన్న తోలు తొడుగు ట్రాన్సిస్టర్ని రెండు చేతులా పట్టుకుని తూర్పుకీ ఉత్తరానికీ తిప్పేవాడు. లోపలి ఫెరైట్ కడ్డీ స్తంభానికి అడ్డంగా తిరిగితేనే గొంతు తేటపడేది. పొద్దుగూకాక ఆకాశంలో తరంగాన్ని మింగే పొర పలచబడి, ఆ పై పొర దాన్ని కిందికి తిప్పికొడుతుంది కదా, అందుకని ముల్లు వెంట్రుకవాసి జరిపితే ఎక్కడెక్కడి భాషలో పలికేవి. రేడియో లైసెన్సు కోసం పోస్టాఫీసులో డబ్బు కట్టాల్సి వచ్చేది. అది పోయినందుకు మాత్రం నాకేం దిగుల్లేదు.

ఇప్పుడంతా ఎఫ్.ఎం. గరగర లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ తరంగం తిన్నగా పోయేరకం, కొండ అడ్డొస్తే చతికిలబడుతుంది. నీ జేబులోదీ ట్రాన్స్‌మిటరే, కాదనను. దాని బలమెంత? పక్కనున్న టవరు దాకా! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపడితే విశాఖలో ఫోన్లన్నీ మూగబోయాయి. బ్యాటరీ రేడియోకి ఎక్కడో దూరాన ఒక్క స్తంభం నిలబడితే చాలు. పదిమంది విన్నా పది లక్షల మంది విన్నా దానికి బరువు ఒకటే. వినేదెవరని అడగదు, డేటా అయిపోయిందనదు.

అలాంటి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లని దేశంలో ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు! తుపాను కాలంలో సముద్రం మీదున్న పడవవాడికి కబురెవరు చెబుతారోయ్?

సరే, అటక మీద సెట్టు దించు. కొట్టుకెళ్లి సెల్లులు పట్టుకురా, పెద్దవి. చిన్నవి తెచ్చావంటే మళ్లీ పంపిస్తాను.