రెండు కాజాలు, అయిదు తారలు

గ్రంథాలయమునకు పోయి వచ్చితినని నేను చెప్పిన మాట ఇంకను గాలిలో ఉండగనే, బల్లమీది నా ఫోను టింగుమని మ్రోగగా, నా సహధర్మచారిణి దానిని చేతికి తీసికొని, కండ్లజోడు సవరించుకొని, "ఏమండీ, గవర్నరుపేట మిఠాయి దుకాణం ఎట్లా ఉందో చెప్పి నక్షత్రాలివ్వమంటోంది మీ ఫోను" అని చదివినది. చక్కెర ముట్టరాదని వైద్యుడు శాసించి అప్పటికి ఆరు వారములు. ఫోను నా గుట్టు బయటపెట్టిన నాటినుండి, అనగా పది దినములుగా, ఫోనునకును నాకును మాటలు లేవు. ఇంట మాత్రము మాటలు నాలుగవనాటికి పునరుద్ధరింపబడినవి.

అయినను ఆ నక్షత్రముల సంగతి నన్ను వదలలేదు. మన జ్యోతిశ్శాస్త్రమున అశ్విని మొదలు రేవతి వరకు నక్షత్రములు 27; ఒక్కొక్కదానికి నాలుగేసి పాదములు, వెరసి 108. ఇంతటి ఐశ్వర్యముండగా దుకాణమునకు అయిదింటికి మించి ఈయరాదట! ఆలోచింపగా ఇందును ఒక ధర్మసూక్ష్మము తోచినది. మన పెద్దలు హస్తా నక్షత్రమునకు అయిదు తారలని లెక్కించిరి, చేతికి వ్రేళ్లు అయిదు గనుక. కాజా తినునది ఆ హస్తముతోడనే గనుక అయిదు తారలు శాస్త్రసమ్మతములు. ఒక్క తార యిచ్చుట యనగా ఆరుద్ర నిచ్చుట. అది వానలకు మంచిదే కాని, పాకమున నీరెక్కువైనదను నింద పాపము దుకాణదారు నెత్తిన పడును. కృత్తికలిత్తమన్న ఆరు, ఫోను ఒప్పుకొనదు. మూలలో పుట్టిన నాకు శాంతి చేయించినవారే కాని, ఇన్నేండ్లలో అయిదు తారలిచ్చినవారొక్కరును లేరు. ఈ గణితమంతయు ఇంట వివరించుచుండగా మా ఆవిడ, "ఎన్ని?" అని మెల్లగా అడిగినది. తారలనుకొని "అయిదు" అంటిని. ఆమె అడిగినది కాజాలను గూర్చి. తిన్నవి రెండే యని ఎంత మొత్తుకొన్నను నమ్మినవారు లేరు.

నేనున్న చోటు ఫోనునకు చెప్పినవి అవేయని తలచి, 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములను ఆ రాత్రి నేను నిష్కారణముగా తిట్టితిని. పాపము, అవి తమ వేళను చాటుకొనుచు పోవునే కాని మనల నెరుగవు. నాలుగింటి మాట విని మన ఉనికిని గణించుకొనునది ఫోనే. గణించుకొన్నదానిని కడుపున దాచుకొన్నను బాధ లేకపోవును. అడిగిన ప్రతి యాపునకును పంచిపెట్టును. సెట్టింగులలో లొకేషను తెరచి చూతును గదా, ఎల్లప్పుడును అనుమతి పొందినవారి పంక్తిలో అగ్రాసనమున కూర్చున్నది టార్చిలైటు యాపు! చీకటిలో నా చెప్పులెక్కడున్నవో చూపుట దాని పని, నేనెక్కడున్నానో దానికేల? పంచాంగము అడిగినదన్న న్యాయమున్నది. బెజవాడకంటె హైదరాబాదులో ఇంచుమించు తొమ్మిది నిమిషములు ఆలస్యముగా తెల్లవారును. కాని దానికి ఊరు తెలిసిన చాలును, వీధి యేల? ఖచ్చితమైన స్థానము చెప్పకుండ ఆపు మీట 2020లో ఐఫోనులకును, మరుసటియేట ఆండ్రాయిడునకును వచ్చినదట, దానిని నొక్కితిని. దారి చూపు పటమునకు వాడుచున్నప్పుడు మాత్రమే అనుమతి. టార్చికి ఉద్వాసన. వైఫై ఆపినను మేలుకొని పరిసరములను వాసన చూచు స్కానింగు మీట వేరొకటి యడుగున నక్కియున్నది. దాని కన్నును మూసితిని. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరే కాని, ఆ హక్కు ఏ మీట క్రింద నున్నదో అరువదియేండ్లవాడు అర్ధరాత్రి తానే వెదకుకొనవలసి యున్నది.

చివరకు నా తిరుగుళ్ల చిట్టాయగు టైమ్‌లైనును చెరిపివేయబోవుచు ఒకమారు తిరుగవేసితిని. మందుల దుకాణము, బ్యాంకు, మందుల దుకాణము, మిఠాయి దుకాణము (తరచుగనే; ఇక దాచనేల?). ముప్పది కిలోమీటర్ల దూరమున తెనాలిలో మా అక్కయ్య ఇల్లున్నది. ఏడాది పొడవున ఆ వైపు ఒక్క గీతయు లేదు. "ఎప్పుడొస్తావురా?" అని ఆమె ఫోనులో అడిగినప్పుడెల్ల "మొన్ననేగా వచ్చాను అక్కయ్యా" అనుచుంటిని, ఆమెయు "అవున్లే" అనుచున్నది. ఆమెకు లెక్క తెలియక కాదు.

చిట్టా చెరిపివేసితిని. ఆదివారము తెనాలి వెళ్లి వచ్చితిని. లొకేషను ఆపి వెళ్లితిని గనుక, ఫోను లెక్కలో నేనింకను వెళ్లనట్లే.