ముందు వరుస జంపఖానా

పుట్టింది వరంగల్ కొత్తవాడలో. మందపాటి నూలు, నీలం ఎరుపు చారలు. మా వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చిందట. అప్పటికి నేను ఓ మూల చుట్టగా నిలబడి ఉన్నాను. ఎలకలకు ఈ గుర్తింపు సంగతి ఎవరూ చెప్పలేదు.

నా కొలువు డోర్నకల్ డయాసిస్‌లో ఓ పల్లె గుడి. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య 1912 నుంచి నడిపిన ప్రాంతం. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో కలిసింది. మగవాళ్లు ఓ పక్క, ఆడవాళ్లు ఓ పక్క, ప్రభు బల్లకు ఎదురుగా పిల్లలు. వాళ్ల కింద నేను.

ఇక్కడ చంటిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. సంఘంలో చేర్చుకునేటప్పుడు మాటలొచ్చా అని అడగరు, కుదురుగా కూర్చుంటావా అనీ అడగరు. నెలలు తిరక్కుండానే నా మీద పాకేవాళ్లు. కీర్తన ఎత్తుకుంటే చరణాలు ఒక్కరికీ రావు. పల్లవి చివరి మాట దగ్గర మాత్రం పైకప్పు లేచిపోయేలా అందుకునేవాళ్లు. పోను పోను ఆ మాటకు ముందు మాట, దానికి ముందుది. అలా చివర్నుంచి మొదటికి పాట నేర్చుకున్న గొంతులు నాకెన్ని తెలుసో!

కానుకల సంచి వచ్చేసరికి అసలు తమాషా. అమ్మ ఇచ్చిన రూపాయిబిళ్ల చెమట పట్టిన గుప్పిట్లో ఉంటుంది. వేళ్లు విప్పరు. సంచి పట్టుకున్న పెద్దమనిషి వంగి నిలబడాల్సిందే. చివరికి బిళ్ల జారి నా మడతలో పడితే నలుగురూ బోర్లా పడి వెతికేవాళ్లు. కోత పండుగనాడు కానుకగా తెచ్చిన కోడి తాడు తెంపుకుని బల్ల కిందికి దూరితే, పట్టింది నా మీదివాళ్లే. అయ్యగారు నవ్వాపుకోలేక ప్రార్థన మళ్లీ మొదలుపెట్టారు.

నన్ను తడిపినవాళ్లున్నారు, పల్లీపొట్టు పోసినవాళ్లున్నారు. వాళ్లమీద నాకేం కోపం లేదు. ఎండలో వేస్తే పోయేదానికి కోపమెందుకు? తడి ఆరకుండానే చుట్టి పక్కన పడేసిన పెద్దలున్నారే, వాళ్ల మీదే.

తరవాత టైల్స్ వచ్చాయి. ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి, మైకు వచ్చింది. ఓ సంఘపెద్ద, "ఈ పోరగాళ్ల లొల్లికి వాక్యం ఇనబడ్తలేదు" అన్నాడు. మొదటి పాట అవగానే పిల్లల్ని వెనకున్న రేకుల షెడ్డులోకి తోలడం మొదలైంది. నన్ను సామాన్ల గదిలోకి. అక్కడ నా బతుకేమని చెప్పను! విందు రోజుల్లో అన్నం గుండిగల కింద వేశారు, పసుపు మరక ఇప్పటికీ ఉంది. వానాకాలం జనరేటర్ మీద కప్పారు. నూనె ఓడింది. చెదలు ఒక అంచు తినేశాయి, ఎలకలు నడుమ కాపురం పెట్టాయి. తలుపు తీసిన ప్రతిసారీ ఆశపడేదాన్ని. చీపురు కోసం వచ్చేవాళ్లు.

గోడకవతల మైకు మాత్రం వినబడేది. ఓ ఆదివారం మార్కు సువార్త పదో అధ్యాయం చదివారు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లను శిష్యులు గద్దించడం, యేసుకు కోపం రావడం, అన్నీ స్పష్టంగా వినిపించాయి. పిల్లలు షెడ్డులో ఉన్నారు. లొల్లి లేని గుడిలో పెద్దలు కుర్చీల్లో హాయిగా కునుకు తీసేవాళ్లు. అన్నట్టు, పౌలు ప్రసంగిస్తుంటే నిద్రలో మూడో అంతస్తు నుంచి పడిపోయిన ఐతుకు కూడా పసివాడేం కాదు, యౌవనస్థుడు. షెడ్డులో పెరిగినవాళ్లు మీసాలొచ్చాక గుడిలోకి వచ్చారు. ఎక్కడ లేవాలో, ఎక్కడ మోకరించాలో తెలియక పక్కవాళ్ల కేసి చూసేవాళ్లు.

ఓ మట్టల ఆదివారం పిల్లలు ఈతమట్టలు ఊపుతూ ఊరంతా తిరిగి గుడిలోకి వచ్చారు. కొత్తగా వచ్చిన అమ్మగారు వాళ్లను షెడ్డుకు పంపనివ్వలేదు. కుర్చీలు చాలలేదు. "పరవడానికి ఏమన్నా ఉందా?" అనడిగారు. నన్ను బయటికి లాగి కర్రతో నాలుగు దులిపారు. ముందు వరుసంతా తుమ్ములు.

ప్రసంగం సగంలో ఓ నాలుగేళ్ల పిల్ల నా మీంచి లేచి, ఆ సంఘపెద్ద ఒళ్లోకే ఎక్కింది. మనవరాలు. "తాతా, ఇంకెప్పుడు అయితది?" అని గట్టిగా అడిగింది. గుడంతా గొల్లుమంది. తాత నవ్వాడు. అయ్యగారు గడియారం చూసుకున్నారు.

నన్ను ఎండలో వేయడం మాత్రం ఆ రోజూ మరిచిపోయారు.