కాటికాపరి లేని శ్మశానం

ఈమధ్య దెయ్యం కామెడీ పేరుతో వచ్చే తెలుగు సినిమాల్లో శ్మశానాలన్నీ ఒకేలా ఉంటున్నాయి. నీలం వెలుతురు, నేలంతా పొగ, ఓ ఎండిన చెట్టు, చెవులు చిల్లులు పడే మోత. హాస్యనటుడు కెవ్వుమంటాడు, హాల్లో జనం నవ్వుతారు, సీను అయిపోతుంది. కట్టెలు పేర్చే మనిషి కనపడడు. గొయ్యి తవ్వేవాడు కనపడడు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలని పాడె పక్కనే గొణుక్కునే అన్నదమ్ములు అసలే కనపడరు. చావు మీద నవ్వించడం తప్పని నేననను. చావు వాసనే తగలకుండా శ్మశానాన్ని వాడుకుంటున్నారన్నదే నా బాధ.

మా రోజుల్లో శ్మశానంలో నవ్వు అంటే హరిశ్చంద్ర నాటకం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకానికి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు తోడై కాటి సీను ఎంత పెరిగిందంటే, ఆ ఒక్క సీను కోసమే జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. హరిశ్చంద్రుడి వేషంలో డి.వి. సుబ్బారావు గారు పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్లు ఆగేవి కావు. పద్యాల సంగతి అందరూ చెబుతారు గానీ, వీరబాహుడి సంగతి ఎవరూ చెప్పరు. తాగి, తూలుతూ, తను కొనుక్కున్న బంటు ఒకప్పుడు రాజని తెలియక అధికారం చెలాయించే ఆ కాటి యజమానిని చూసి జనం పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఇంకా ఆరకముందే చంద్రమతి కొడుకు శవంతో వచ్చేది. కాటి సుంకం కట్టందే దహనం కుదరదని హరిశ్చంద్రుడు అడ్డుపడేవాడు. కట్టుకున్న భార్యను, కన్నకొడుకు శవానికి, సుంకం అడుగుతున్నాడు! ఇంతకంటే చేదైన పరిహాసం నేనింతవరకు ఏ సినిమాలోనూ చూడలేదు. అక్కడ శ్మశానానికి ఒక యజమాని ఉన్నాడు, ఒక కూలీ ఉన్నాడు, ఒక ధర ఉంది. నవ్వూ ఏడుపూ రెండూ ఆ ధర దగ్గరే పుట్టాయి.

పరదేశపు వాళ్లు కూడా ఆ రోజుల్లో ఈ కిటుకు పట్టుకున్నారు. ఈవ్‌లిన్ వా నవల ఆధారంగా 1965లో టోనీ రిచర్డ్‌సన్ తీసిన ‘ద లవ్‌డ్ వన్’ చూడండి. అమెరికాలో ఓ ఆడంబరమైన శ్మశానం. ఆ నేలను వేరే వ్యాపారానికి వాడుకుంటే ఎక్కువ లాభమని యజమానికి లెక్క తేలుతుంది. మరి పాతిపెట్టిన శవాలో? రాకెట్లో పెట్టి అంతరిక్షంలోకి పంపేద్దామంటాడు. నేల ధర మనిషి చేత ఏమేం చేయిస్తుందో అంత పచ్చిగా చెప్పారు. 1971లో వచ్చిన హాల్ యాష్‌బీ సినిమా ‘హెరాల్డ్ అండ్ మాడ్’లో ఓ కుర్రాడు, ఎనభైకి దగ్గరపడిన ఓ ముసలావిడ, తమకు ఏ సంబంధమూ లేనివాళ్ల అంత్యక్రియల్లో కలుసుకుంటారు. ఒక్కో పువ్వూ ఒక్కో తీరని ఆవిడ చెబుతుంటే, కెమెరా మెల్లగా వెనక్కి జరిగి, ఒకే తీరుగా బారులు తీరిన వేల తెల్లటి సైనిక సమాధులను చూపిస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నవాళ్లం అక్కడ ఊపిరి బిగబడతాం.

మన దేశంలో అయితే 1983 నాటి ‘జానే భీ దో యారో’. కుందన్ షా దాన్ని ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ డబ్బుతో ఏడు లక్షల లోపే పూర్తిచేశాడు. లంచగొండి కమిషనర్ శవపేటిక రోడ్డు మీద పడి ఉంటే, పూటుగా తాగిన కాంట్రాక్టర్ అదేదో చెడిపోయిన కారనుకుని సాయానికి దిగుతాడు. చివరికి ఆ శవం భారతం నాటకంలో ద్రౌపది అవుతుంది. నవ్వీ నవ్వీ కడుపు నొప్పెట్టాక, ఏ పాపం ఎరుగని ఇద్దరు కుర్రాళ్లు ఖైదీ బట్టల్లో నడిచి వస్తారు. ఒక్క దెయ్యం లేదు. గ్రాఫిక్స్ లేవు.

మరి ఇప్పుడో? తెలుగు దెయ్యాలు శ్మశానాన్ని ఏ ఒక్క సీనుకో వదిలేసి ఇళ్లలోకి కాపురం మార్చాయి. ‘ప్రేమకథా చిత్రమ్’లో ఫామ్‌హౌస్, ‘ఆనందో బ్రహ్మ’లో అమ్మకానికి పెట్టిన ఇల్లు, ‘గీతాంజలి మళ్ళీ వచ్చింది’లో సంగీత్ మహల్. కథ అడిగితే అలాగే కానీయండి. కానీ 2024లో ఆ చివరి సినిమా వాళ్లు టీజర్‌ను బేగంపేట శ్మశానంలో విడుదల చేస్తామని ప్రకటించారు. అది చదివి నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. తండ్రికి కొరివి పెట్టడానికి వచ్చేవాళ్లుంటారక్కడ. కథలో చోటివ్వని శ్మశానం ప్రచారానికి మాత్రం కావలసి వచ్చిందా?

ఇప్పటివాళ్లకు ఎవరికీ చేతకాదని అంటే అబద్ధమవుతుంది. 2003లో బాల తీసిన ‘పితామగన్’ మనకు ‘శివపుత్రుడు’గా వచ్చింది. కాటికాపరి పాత్రకు విక్రమ్‌కు జాతీయ అవార్డు దక్కింది. 2018లో లిజో జోస్ పెల్లిస్సేరి మలయాళంలో ‘ఈ.మ.యౌ.’ తీశాడు. చెల్లానం తీరంలో ఓ పేదవాడు తండ్రికి ఘనంగా అంత్యక్రియలు చేస్తానని మాటిస్తాడు. ఆగని వాన, పాదిరి అనుమానం, చాలని డబ్బు. చివరికి ఇంటి పెరట్లో తనే గొయ్యి తవ్వుకుంటాడు. మన ‘బలగం’ 2023ది. తాత పోయిన ఇంట్లో నల్లి బొక్క కోసం బావాబామ్మర్దుల తగాదా, పిట్ట ముట్టని పిండం చుట్టూ ఊరి మాటలు. వేణు యెల్దండి ఆ ఇళ్లలో తిరిగినవాడు కనకే తీయగలిగాడు. నేను అడుగుతున్నది ఇలాంటి సినిమాలే. ఏడాదికి ఒకటైనా రావాలి కదా!

సరుకు లేదని మాత్రం అనకండి. అమెరికా నుంచి కొడుకు దిగేదాకా శవాన్ని ఫ్రీజర్ బాక్సులో పెట్టి, కరెంటు పోతుందేమోనని భయపడే ఇళ్లెన్ని లేవు? టిక్కెట్టు దొరకని కూతురికి దహనమంతా ఫోన్లో చూపిస్తుంటే, ఫోన్ కాస్త పైకెత్తమని పురోహితుడికే పురమాయించే బంధువులు లేరా? దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాల్సిన మనిషి, అప్పుల మాట ఎత్తడా? తెలంగాణలో పల్లెపల్లెనా వైకుంఠధామాల పేరుతో కొత్త శ్మశానవాటికలు కట్టారు. తరతరాలుగా వల్లకాట్లో కాపురం చేసిన కాటికాపరి కొడుకు ఇప్పుడేం చేస్తున్నాడో ఏ కథకుడైనా వెళ్లి అడిగాడా?

సినిమాలు రాసే పిల్లలకు నాదొక్కటే మనవి. శ్మశానం సీను రాసేముందు పొగ మిషన్ గురించి ఆలోచించకండి. మీ ఊరి వల్లకాటికి పగటిపూట వెళ్లి, అక్కడ పనిచేసే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. ఆయన్ని మాట్లాడనివ్వండి. తిరిగి వచ్చాకే కలం పట్టండి.