త్రూ ప్రాపర్ ఛానల్ బావగారు

డిగ్రీ కాలేజీ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి సారు ఒకరు ఉంటారు. ఆర్డరు కాగితంలో ఆయన కామర్స్ లెక్చరర్. టైంటేబుల్లో బిజినెస్ కమ్యూనికేషన్, కంప్యూటర్ ల్యాబ్. ఊళ్లో మాత్రం ఉత్త ‘కంప్యూటర్ సారు’. ఖమ్మంలో బస్సెక్కి, కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన మీదుగా భద్రాచలంలో దిగితే దొరికే సారు మాకు సొంత బావగారు. అక్కను ఇచ్చుకున్నవాళ్లం కనుక నోరు మూసుకుని ఉండాలి. ఇన్నాళ్లూ ఉన్నాను.

బావగారికి మాట్లాడటం రాదు, నోటీసు ఇవ్వడం వచ్చు. పొద్దున్నే ముందుగదిలోంచి వంటింట్లోని అక్క ఫోనుకు వాట్సాప్ వస్తుంది. “విషయం: ఉప్మాలో ఉప్పు. సూచిక: నిన్నటి ఉప్మా. పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, నేటి ఉప్మాలో ఉప్పు లోపించినది. తగు చర్య తీసుకోగలరని మనవి.” అక్క తగు చర్య తీసుకుంటుంది. ఆ మధ్యాహ్నం పప్పుచారులో ఉప్పు ఎంత పడిందో బావగారు ఎవరికీ చెప్పుకోలేకపోయారు. ఇంట్లో అక్కకు పై అధికారి లేరు మరి.

ఆయన కొలుచుకునే దేవతలు ఏడుగురు. అందరి పేర్లూ ‘సీ’తోనే మొదలు: క్లారిటీ, కన్సైజ్‌నెస్, కంప్లీట్‌నెస్, కరెక్ట్‌నెస్, కాంక్రీట్‌నెస్, కన్సిడరేషన్, కర్టసీ. బిజినెస్ కమ్యూనికేషన్ చదివినవాళ్లు ఇవి పరీక్ష ముందురోజు రాత్రి బట్టీపట్టి, పరీక్ష మర్నాడు మరిచిపోతారు. బావగారు మరిచిపోలేదు. ఆయన ఒకసారి నా దగ్గర ఐదు వేలు చేబదులు తీసుకున్నారు. కొన్నాళ్లు చూసి, “బావగారూ, ఆ ఐదు వేలు” అని మెసేజ్ పెట్టాను. “కంప్లీట్‌నెస్ లేదు. ఏ ఐదు వేలు? ఎప్పటిలోగా? ఏ ఖాతాకు?” అని జవాబు. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, తీసుకున్న తేదీ, తీసుకున్నప్పుడు ఆయన వేసుకున్న చొక్కా రంగుతో సహా మళ్లీ రాశాను. “కన్సైజ్‌నెస్ లేదు” అన్నారు. ఒళ్లు మండి “బావా, డబ్బులు” అని కొట్టాను. “కర్టసీ లేదు.” ఇంకా నాలుగు సీలు మిగిలి ఉన్నాయి. అవన్నీ అయ్యాక ఇస్తారేమో.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. బావగారి మెయిళ్లదీ అదే వరస: జెంటిల్ రిమైండర్, రిమైండర్, ఫైనల్ రిమైండర్. కాకపోతే గోదావరి హెచ్చరికకు జనం కదులుతారు. ల్యాబుకు యూపీఎస్ బ్యాటరీలు కావాలని ఆయన ‘త్రూ ప్రాపర్ ఛానల్’ పంపిన ఫైనల్ రిమైండర్లు ఒక ఫైలు నిండా ఉన్నాయి. ఆ ఫైలుకు ఆయనే ‘ఫైనల్ రిమైండర్లు, రెండవ సంపుటం’ అని అట్ట వేసుకున్నారు.

రిమైండర్లు రాయడంలో ఆయన గురువు రామదాసు. కంచర్ల గోపన్న ఈ ప్రాంతపు తహసీల్దారుగా ఉంటూ, శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరలో పడ్డాడని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ చెరలోంచి రాముడికి పాడుకున్న పాటల గురించి బావగారు చెప్పేది వేరు. “ముందు వినయంగా అడిగాడు. తర్వాత ఏ నగకు ఎంతయిందో పద్దు చూపించాడు. అప్పటికీ పలక్కపోతే కడిగి పారేశాడు. మళ్లీ దెబ్బలకు ఓర్వలేక తిట్టానని క్షమాపణ చెప్పుకున్నాడు. ఉత్తరాల పాఠం మొత్తం అందులో ఉంది” అంటారు. ఆ మాట నిజమే, ఒప్పుకోవాలి. చివరికి రామలక్ష్మణులు మారువేషాల్లో వచ్చి తానీషాకు సొమ్ము కట్టి రసీదు పుచ్చుకున్నారన్న ఘట్టం దగ్గర భక్తులు కళ్లు ఒత్తుకుంటారు. బావగారు వేలు చూపిస్తారు: “చూశారా, దేవుడు కూడా రసీదు లేకుండా కదల్లేదు.” నా ఐదు వేలకు రసీదు ఇవ్వని మనిషి అనవలసిన మాటేనా ఇది?

ఇక క్లాసు. బోర్డు మీద పంపేవాడు, ఛానల్, అందుకునేవాడు, నడుమ నాయిస్ అని బాణం గుర్తులతో బొమ్మ గీస్తారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లాడ్ షానన్ 1948లో ప్రచురించిన బొమ్మ అది. పంపిన సందేశం దారిలో చెడిపోకుండా అవతలివాడికి చేరడం ఎలాగో లెక్క కట్టడానికి ఆయన దాన్ని గీశాడు. మైదానంలో ఈ బొమ్మను గంటసేపు వివరించాలి. ఏజెన్సీలో అక్కర్లేదు. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చే పిల్లలకు గాలివాన వస్తే కరెంటు పోతుందనీ, కరెంటు వెనకే సెల్లు టవరూ పోతుందనీ పుట్టిననాటి నుంచీ తెలుసు. నాయిస్ మీద వాళ్లే ఆయనకు పాఠం చెప్పగలరు.

ఉత్తరం పైన ‘ఫ్రమ్’ అడ్రసు రాయమంటే ఇంకో చిక్కు. 2014లో ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాక, ఊరు దాటగానే ఎటపాకలో రాష్ట్రం మారిపోతుంది. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకడు తెలంగాణ అనీ, పక్కవాడు ఆంధ్రప్రదేశ్ అనీ రాస్తారు. ఇద్దరూ తెచ్చుకున్న అన్నం డబ్బాల్లో ఒకే చింతకాయ పచ్చడి ఉంటుంది.

పుస్తకంలో మాదిరి ఫిర్యాదు లేఖ బొంబాయి వ్యాపారి రాసింది. ఢిల్లీ నుంచి తెప్పించిన టేబుల్ ఫ్యాన్లు విరిగి చేరాయన్నది ఆయన బాధ. ఒకసారి ఓ కోయ అమ్మాయి ఫ్యాన్లను పక్కన పెట్టి తునికాకు మీద రాసింది. కట్టకు యాభై ఆకుల లెక్కన తాము కట్టిన కట్టల్లో నలభై కట్టలు కల్లం దగ్గర పనికిరావని తీసేశారట. “ఆకు బాగుంది. వచ్చి చూడండి. లేదా డబ్బులు ఇవ్వండి” అని మూడు వాక్యాల్లో ముగించింది. బావగారు తేదీ వేయలేదని ఒకటి, ‘భవదీయురాలు’ లేదని ఒకటి, రెండు మార్కులు కోసేశారు. కోసేసి, ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని స్టాఫ్ రూములో కనిపించినవాళ్లందరికీ చదివి వినిపించారు. రికార్డులు తనిఖీ చేయడానికి వచ్చిన ఎక్స్‌టర్నల్‌ను కూడా వదల్లేదు. “ఏడు సీలూ ఉన్నాయండీ ఇందులో!” మరి మార్కులెందుకు కోశారంటే, ఫార్మాట్ ఫార్మాటేనట. ఈ మనిషిని ముద్దు చేయాలో మొట్టాలో తెలియదు.

సాయంత్రం కాలేజీ గేటు దాటగానే ఆయన రెండో ఉద్యోగం మొదలవుతుంది. దానికి జీతం లేదు, సెలవు లేదు. “సార్, సిస్టమ్ పనిచేయట్లేదు.” మీసేవ కుర్రాడు, హాస్టల్ వార్డెను, జిరాక్సు షాపాయన, లాడ్జీ గుమాస్తా, అందరిదీ ఇదే ఒక్క వాక్యం. పెద్ద కంపెనీల హెల్ప్ డెస్కుల్లో ఎల్‌1, ఎల్‌2, ఎల్‌3 అని మూడు అంచెలుంటాయి. మొదటివాడి చేత కాకపోతే రెండోవాడు, వాడి చేతా కాకపోతే మూడోవాడు. ఇక్కడ ముగ్గురూ బావగారే. ఫోనులో “ప్లగ్గు చూడు” అంటే ఎల్‌1. “ఆపి మళ్లీ పెట్టు” అంటే ఎల్‌2. స్కూటరు తీస్తే ఎల్‌3.

వెళ్లాక ఆయన అడిగే మొదటి ప్రశ్న “పాడవకముందు ఏం చేశావు?” జవాబు ఎప్పుడూ “ఏం చేయలేదు సార్”. ఏమీ చేయని ఆ మనిషి చేసిందేమిటో కనుక్కోవడమే అసలు పని. దానికి ఆయన గొంతు పెంచరు, ఇంగ్లీషు వాడరు. టీ తాగుతూ, వాళ్ల ఇంటి సంగతులు అడుగుతూ, నడుమ “మరి ఆ వైరు ఎవరు పీకారు?” అని మెల్లగా అడుగుతారు.

ఒకసారి ఓ షాపులో పాత కరపత్రం ఫైలు కొత్త కంప్యూటర్లో తెరిస్తే తెలుగు మాయమై పిచ్చి గుర్తులు వచ్చాయి. వైరస్ అన్నారొకరు, దిష్టి అన్నారొకరు. కొబ్బరికాయ తెప్పించబోయారు కూడా. బావగారు చూసి, “ఇది అను ఫాంటులో కొట్టింది. ఇందులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, వాటికి తెలుగు వేషం వేశారు. ఆ వేషాల పెట్టె ఈ కంప్యూటర్లో లేదు. యూనికోడ్‌లో కొట్టి ఉంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉండేది, ఎక్కడ తెరిచినా తెలుగే కనిపించేది” అన్నారు. షాపాయన తలూపాడు, కరపత్రం కొట్టించుకోవడానికి వచ్చిన ముసలాయన కూడా తలూపాడు. ఇదే మనిషి క్లాసులో ‘కమ్యూనికేషన్ అవరోధములు’ చెబితే ముందు బెంచీ కూడా నిద్రపోతుంది.

వేసవి వస్తే మరీ గోల. డిగ్రీ ప్రవేశాలు 2016లో ‘దోస్త్’ పేరుతో ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో కలిపిన ఫోను నంబరు కావాలి. ఆ ఫోను నాన్న జేబులో ఉంటుంది, నాన్న అడవిలో ఉంటాడు, అడవిలో సిగ్నల్ ఉండదు. ఓటీపీకి ఆయుష్షు కొన్ని నిమిషాలే. బావగారు ఏం చేస్తారంటే, సంత రోజు కనిపెట్టి, ఆ వేళకు నాన్ననూ పిల్లనూ ఫోనునూ ఒకేచోట నిలబెడతారు. ఏ సిలబస్‌లోనూ లేని పాఠం ఇది. ఆ ముగ్గురినీ కూడగట్టడానికి ఆయన ఒక్క మెయిలూ పెట్టరు. బస్సు డ్రైవరుతో కబురు పంపుతారు.

2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు లేచింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అంతకు ముందే, హెచ్చరికలు ఒక్కొక్కటీ దాటుతున్నప్పుడే, బావగారు నలుగురు పిల్లల్ని పెట్టుకుని ల్యాబులోని సీపీయూలన్నీ మేడ మీదికి చేర్పించారు. ప్రతిదానికీ చీటీ అంటించి, ఏ వైరు దేనిదో రాసిపెట్టారు. పై నుంచి ఉత్తర్వు రాలేదు, ఆయన అడగనూ లేదు. ఆ రాత్రి మా కుటుంబం గ్రూపులో ఆయన పెట్టిన మెసేజ్‌లో విషయం లేదు, సూచిక లేదు, భవదీయుడు లేడు. “నీళ్లొస్తున్నయ్. మేం పైనున్నం. బాగున్నం.” అంతే. అక్క ఆ మెసేజ్‌ను ఇప్పటికీ చెరపలేదు.

నీళ్లు తీశాక ఆయన మళ్లీ మామూలైపోయారు. వరద నష్టంపై నివేదిక మూడు ప్రతుల్లో తయారైంది.

నన్నడిగితే విశ్వవిద్యాలయంవారు ఈయన చేత బోర్డు మీద పాఠం మాన్పించి, పిల్లల్ని ఆయన స్కూటరు వెనక పంపాలి. టేబుల్ కింద దూరి వైరు వెతుకుతూ ఆయన మాట్లాడే మాటలు వింటే చాలు, బిజినెస్ కమ్యూనికేషన్‌లో మొదటి శ్రేణి వస్తుంది. మీరు భద్రాచలం వచ్చినప్పుడు ప్రింటరు మొరాయిస్తే మొహమాటపడకుండా ఆయనకు ఫోన్ చేయండి. ముందు ప్లగ్గు చూసుకోండి. ఎంత అవసరమైనా సరే, ఆయనకు ఉత్తరం మాత్రం రాయకండి.