పాతబస్తీ పడవ పెద్దనాయన

హైదరాబాదు పాతబస్తీలో, ముఖ్యంగా లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ, అలియాబాద్ గల్లీలలోని తెలుగు ఇండ్లలో, చిన్నపిల్లలను వెంటబెట్టుకొని నీటి మీద ప్రయాణం చేయదలచిన ప్రతి కుటుంబానికీ అడగకుండానే దొరికే ఒక పెద్దమనిషి ఉంటాడు. వరుసకు ఆయన ఒకరికి పెద్దనాయన, మరొకరికి మామ, ఏ వరుసా కలవనివారికి కాక. వృత్తిరీత్యా పత్తర్‌గట్టీలో ఏదో బట్టల దుకాణంలో ముప్పై ఏండ్లు కొలిచి, కత్తిరించి, లెక్కరాసి ఇంటిపట్టున కూర్చున్నవాడై ఉంటాడు. ఈత మాత్రం రాదు. ఈ చివరి లక్షణాన్ని ఆయన లోపంగా ఎన్నడూ భావించడు. ఈత వచ్చినవాడికి నీళ్లంటే భయం ఉండదని, భయం లేనివాడు పిల్లల చేయి గట్టిగా పట్టుకోడని ఆయన సిద్ధాంతం.

ఆయన నౌకాజ్ఞానానికి మూలం హుస్సేన్‌సాగర్. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన ఆ చెరువులో, లుంబినీ పార్కు నుంచి చెరువు నడుమనున్న బుద్ధ విగ్రహం దాకా పోయివచ్చే పడవలో మూడు తరాల పిల్లలను తిప్పిన అనుభవం ఆయనది. 1990లో విగ్రహాన్ని తరలిస్తున్న బార్జి, అనగా బరువులు మోసే బల్లపరుపు పడవ, ఒరిగిపోయి అంతటి రాతి బుద్ధుడు చెరువు అడుగుకు చేరాడని, రెండేండ్లకు పైగా నీళ్లలోనే ఉండి 1992 డిసెంబరులో పైకి వచ్చాడని ఆయన పిల్లలకు తప్పకుండా చెబుతాడు. ఒడ్డున ఉన్నంతసేపు ఊరుకొని, పడవ సరిగ్గా చెరువు నడుమకు చేరినప్పుడే చెబుతాడు. దీనికి తోడు నాగార్జునసాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో పోయిన ఒకానొక ప్రయాణం ఉంది. ఇక సముద్రం సంగతికి వస్తే, ఆయన పాండిత్యమంతా పక్కింటి ముసలాయన బొంబాయి నుంచి జెద్దాకు ఓడలో హజ్‌కు పోయివచ్చి చెప్పిన ముచ్చట్లే. ఆ ఓడలు 1995తో ఆగిపోయాయి గాని, వాటి మీది అలలు పెద్దనాయన నోట ఏడాదికేడాది ఎత్తు పెరుగుతూనే ఉన్నాయి.

ఆ పాండిత్యానికి ఇప్పుడు పరీక్ష పెడుతున్నది క్రూజ్. క్రూజ్ అనగా ఒక ఊరు చేరడం కోసం కాక, ఓడలోనే తిని, పడుకొని, ఆడుకొని, నడుమ ఒకటి రెండు రేవులు చూసి రావడం కోసం చేసే సముద్ర విహారం. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు బయలుదేరినప్పుడు ఈ వినోదం తెలుగువారి వాకిట్లోకి వచ్చింది. మరుసటి ఏడు విశాఖ రేవులో అందుకోసమే ఒక టెర్మినల్ కూడా వెలిసింది. నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు తెల్లవారేసరికి విశాఖలో ఉంటాడు గనుక, అంతవరకు యాదగిరిగుట్టకో బాసరకో పోయివచ్చిన కుటుంబాలు సముద్రం మాట ఎత్తడం, ఆ మాట వాడకట్టు దాటకముందే పెద్దనాయన చెవిన పడటం జరుగుతున్నాయి. "ఫికర్ జెయ్యకుండ్రి బిడ్డా, ఇంతెజామంత నేను జూస్కుంట" అని ఆయన అభయమిచ్చిన క్షణం నుంచి ఆ ఇంట్లో అసలు ఫికరు మొదలవుతుంది.

ఈ వర్గపు పెద్దమనుషులను నిశితంగా పరిశీలించినవారికి ఒక వింత కనిపిస్తుంది: వారు చెప్పే కారణాలు దాదాపు అన్నీ తప్పు, చేయమనే పనులు మాత్రం చాలావరకు ఒప్పు. ఉదాహరణకు, ఆరు నెలలు నిండని చంటిబిడ్డను ఓడ ఎక్కించరాదని పెద్దనాయన మొదటి రోజే తీర్మానిస్తాడు. ఉప్పుగాలికి మాడు ఆరిపోతుందని, కొత్తవాళ్ల దిష్టి తగులుతుందని ఆయన వాదన. చాలా ఓడ సంస్థల నియమమూ అదే ఆరు నెలలు. కాకపోతే నడిసముద్రంలో ఆసుపత్రి దూరమని, ఓడ వైద్యుడి దగ్గర ఉండే సదుపాయాలు పరిమితమని వారి లెక్క. గది విషయంలోనూ ఇంతే. బాల్కనీ ఉన్న పై అంతస్తు గది కావాలని కోడలు ముచ్చటపడితే, కింది అంతస్తులో, ఓడ నడుమ భాగంలో, కిటికీ సైతం లేని గదిని ఆయన పట్టుబట్టి తీయిస్తాడు. అది చవక అని ఆయన పైకి అనడు. పైన గాలిదయ్యం ఉంటుందంటాడు. ఓడ అలల మీద ముందుకూ వెనక్కూ ఊగేటప్పుడు ఉయ్యాలబల్ల మాదిరి కొసలు ఎక్కువగా, నడుమ తక్కువగా కదులుతుంది గనుక, వాంతులయ్యే పిల్లలున్నవారికి నిపుణులు సూచించే చోటు కూడా సరిగ్గా అదే.

ఆయన చేతిసంచి ప్రత్యేక అధ్యయనానికి తగినది. అందులో స్టీలు డబ్బానిండా సకినాలు, వాము పొట్లం, నాలుగు నిమ్మకాయలు, ఓఆర్ఎస్ పొట్లాలు, చార్మినార్ దగ్గర కొన్న ఉస్మానియా బిస్కట్లు, ఉతికి మడిచిన పాత ధోవతి ముక్కలు, కక్కుకోవడానికి ప్లాస్టిక్ కవర్లు, పిల్లల ఆధార్ కార్డులకూ పుట్టిన తేదీ పత్రాలకూ తలా ఐదు జిరాక్సులు, అన్నింటికీ అడుగున తాడు కట్టిన ఒక చెంబు ఉంటాయి. ఆ చెంబు ఎందుకని ఎవరైనా అడిగితే, ఓడకు చిల్లు పడితే నీళ్లు తోడటానికని ఆయన అనడు. కాని ఆ మాట అనకుండా ఉండటానికి పడే కష్టం ముఖంలో స్పష్టంగా కనిపిస్తుంది. టికెట్‌లోనే భోజనం కలిసి ఉండే ఓడల్లోకి ఇంటి తినుబండారాలను సాధారణంగా రానివ్వరన్న సంగతి తనిఖీ వరుసలో నిలబడ్డాక తెలుస్తుంది. అప్పుడు ఆయన డబ్బా మూత తీసి ముందువారికీ వెనుకవారికీ సకినాలు పంచుతాడు. తనిఖీ చేసే యువకుడికి రెండు ఎక్కువే అందుతాయి. ఇక వికారం విషయంలో ఆయన నమ్మకమంతా నిమ్మకాయ మీదనే. రెండేండ్లలోపు పిల్లలకు ప్రయాణపు వికారం అరుదని, రెండు నుంచి పన్నెండేండ్ల నడుమవారికే అది ఎక్కువని వైద్యులు చెబుతారు గాని, పెద్దనాయన నిమ్మకాయను చంటిదాని ముక్కు దగ్గరే పెట్టుకొని కూర్చుంటాడు, ఏడేండ్లవాడు ఆయన వీపు మీద కక్కేదాకా.

అయితే ఆయన నిజమైన ప్రతిభ లైఫ్ జాకెట్ దగ్గర బయటపడుతుంది. ఓడ కదలకముందే ప్రయాణికులందరికీ ఆపద వేళ ఎక్కడ చేరాలో, జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూపే మస్టర్ డ్రిల్ అనే కసరత్తు ఉంటుంది. 1912లో టైటానిక్ మునిగిన తరువాత 1914లో మొదలైన అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందపు పరంపరలోనిది ఆ నియమం. నేటి ప్రమాణాల ప్రకారం పదిహేను కిలోల లోపు శిశువులకు ఒక కొలత, పదిహేను నుంచి నలభై మూడు కిలోల దాకా పిల్లలకు మరొక కొలత జాకెట్లు ఉంటాయి. పెద్దనాయనకు కిలోలతో నిమిత్తం లేదు. పిల్లవాడిని గోడకు నిలబెట్టి, చంకల కింద రెండు వేళ్లు దూర్చి, భుజాల దగ్గర జాకెట్‌ను పైకి లాగి చూస్తాడు. అది చెవుల దాకా లేచిందంటే, పత్తర్‌గట్టీలో పెండ్లి షేర్వానీని తిప్పి పంపిన గొంతుతోనే "గిది పోరనిది గాదు, తీస్కపోయి చిన్నది దేపో" అని యూనిఫారం వేసుకున్నవారెవరున్నా వారిని ఆజ్ఞాపిస్తాడు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన నాటి నుంచి ఈ ఒక్క విషయంలో ఆయనతో ఎవరూ వాదించరు, వాదించరాదు కూడా. ఎవరో చేసిన వేళాకోళానికి ఆయన నవ్వని సందర్భం కూడా ఇదొక్కటే.

ఇక లెక్క పెట్టడం. బోనాల రోజు లాల్‌దర్వాజా జనంలో పిల్లలను పోగొట్టుకోకుండా తెచ్చిన పద్ధతినే ఆయన ఓడలోనూ అమలు చేస్తాడు: అందరికీ ఒకే తానులో కుట్టించిన నారింజరంగు చొక్కాలు, జేబులో తండ్రి ఫోను నంబరు, గది నంబరు రాసిన చీటీ, గంటకొకసారి వరుసలో నిలబెట్టి తలల లెక్క. తొమ్మిది మంది ఉండవలసిన చోట పదిమంది తేలినప్పుడు ఆయన మళ్లీ లెక్కిస్తాడు, మళ్లీ పదే వస్తుంది. సకినం కోసం వరుసలో చేరిన ఆ పదోవాడి తల్లి వెతుక్కుంటూ వచ్చేలోగా వాడి జేబులోకీ ఒక చీటీ చేరిపోతుంది.

అన్నింటికీ సిద్ధపడ్డ ఈ పెద్దమనిషి ఊహకు అందనిది ఒకటుంది. మూడేండ్లు దాటిన పిల్లల కోసం చాలా ఓడలలో ఆటగది ఉంటుంది, అందులో ఆడించే మనుషులుంటారు. ఆ గది తలుపు తెరుచుకోగానే నారింజరంగు చొక్కాలు తొమ్మిదీ లోపలికి పోతాయి, భోజనానికి పిలిచినా రావు. డైపర్ వదలని చంటిదాన్ని నియమం ప్రకారం ఈతకొలనులోకి దించనివ్వరు గనుక, అదొక్కటే ఆయనకు మిగులుతుంది. దాన్ని ఒడిలో పెట్టుకొని రెయిలింగుకు పది అడుగుల దూరాన కూర్చొని, పోయేవారిలో ఎవరి చొక్కా ఏ రకం గుడ్డో ఆయన దానికి వివరిస్తూ ఉంటాడు. కోడలు మొదటిసారి కంటినిండా నిద్రపోతుంది. ఈ లాభం ఆయన ప్రణాళికలో లేదు గాని, ఇంటికి వచ్చాక అది కూడా తన ఇంతెజామేనని చెబుతాడు.

ఊరు చేరిన వారంలోపే, వచ్చే సెలవులకు పిల్లలను మనాలి తీసుకుపోవాలని అల్లుడు అంటాడు. మంచు సంగతి తనకు వదిలేయమని, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌కు తాను రెండుసార్లు పోయివచ్చానని పెద్దనాయన బదులిస్తాడు.